నేరేడు రంగు రొయ్యలు

"కరెంటు మెయిన్ కట్టేశారా?" అని అడిగింది ఆరోగ్యశాఖావిడ, ఎవరిని అడుగుతోందో వాళ్ళ మొహమైనా చూడకుండా, ఆవలిస్తూ. చిన్-యెన్ తలూపింది. దోమల మందు పొగ మిషను మోసే మనిషి మెట్ల మీద నుంచి వెనక్కి నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, ఆఖరి విడత తెల్లటి పొగ గదిలోకి వదిలి, మిషను ఆపాడు. ఆవిడ తలుపు లాగి, సందుల వెంట టేపు అంటించి, గంటసేపు ఎవరూ లోపలికి పోకూడదని చెప్పి పక్కింటి వైపు నడిచింది. అంతే. ఇంత ఇంటిని, అందులో ఉన్న అన్ని ప్రాణాలను, ఒక్క ఆవలింతతో మూసేసి పోయింది మహాతల్లి. తలుపు మూసుకునే క్షణంలో లోపల్నుంచి సన్నగా జుయ్యిమని ఏదో వినబడింది. దోమ అనుకుంది చిన్-యెన్. చస్తావులే ఇప్పుడు, నీ జాతి మొత్తం చస్తుంది, నీ వల్లే కదా ఈ ఖర్మంతా, అనుకుంటూ వీధి దాటి ఎదుటి వరండాలో వేసిన ఎర్ర ప్లాస్టిక్ స్టూళ్ళ వైపు వెళ్ళింది. ఖాళీగా ఉన్నది ఒక్కటే స్టూలు. దాని పక్క స్టూలు మీద కూర్చున్నది పీ-శ్యా. ఊరంతా వెతికినా దేవుడికి ఇంకో చోటు దొరకలేదు కాబోలు.

పీ-శ్యా ఆమె తోడికోడలు, పెద్ద కోడలు, ఉమ్మడి గోడకు అవతలి ఇంటి మనిషి. ఒళ్ళో స్టీలు టిఫిను డబ్బా పెట్టుకుని కూర్చుంది. కొంపలు మూసేసి జనాన్ని వీధిలోకి తరిమితే, ఒకరు నగలు పట్టుకొస్తారు, ఒకరు పిల్లిని పట్టుకొస్తారు, ఈవిడ మాత్రం టిఫిను పట్టుకొచ్చింది. తిండి యావ. అత్త శవం హాల్లో ఉన్నప్పుడు కూడా వచ్చినవాళ్ళకు చేపల గంజి సరిపోయిందా లేదా అని గరిటె పట్టుకు తిరిగిన మనిషి. ఇప్పుడు చూడు, మూత కొంచెం ఎత్తి లోపలికి చూసింది, మళ్ళీ పెట్టేసింది. తినదు. చూస్తుంది. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకుంటోంది కాబోలు, పక్కన కూర్చున్నదానికి ఒకటి పెట్టాల్సి వస్తుందేమోనని. ఎవరడిగారే నీ పిండివంటలు, నువ్వు చేత్తో ఇస్తే నా గొంతులో దిగుతాయా, అని చిన్-యెన్ లోపలే అనుకుని, స్టూలు ఒక్క జానెడు అటు జరుపుకుంది. జరిపితే ఎండలో పడింది. కావ్‌షుంగ్ ఎండ, ఓడరేవు తుప్పు వాసనతో, కార్తీక మాసం వచ్చినా చావని ఎండ. అయినా వెనక్కి జరగలేదు. జరిగితే పీ-శ్యాకు నవ్వొస్తుంది.

లోపల రొయ్యల గాజు తొట్టి ఎలా ఉందో. వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ కాగితం నాలుగు పొరలు చుట్టింది, పైన తడి తువ్వాలు కప్పింది, ఆ పైన మొగుడి పాత వాన కోటు. గాలి పంపు ప్లగ్గు తన చేత్తో పీకింది, ఎందుకంటే పంపు గదిలో గాలిని పీల్చి నీళ్ళలోకి ఊదుతుంది, గదిలో మందు పొగ ఉంటే మందు పొగనే ఊదుతుంది, ఆ మందు దోమకెంతో రొయ్యకూ అంతే, అసలు రొయ్యకే ఎక్కువ, ఒక్క చుక్క చాలు. లైటు మాత్రం వెలుగుతూ ఉండనిమ్మని బతిమాలింది. వెలుతురుంటే నాచూ మొక్కలూ ఊపిరి వదులుతాయి, ఆ ఊపిరితో రొయ్యలు గంటేం ఖర్మ, పూటంతా బతుకుతాయి. కరెంటు ఉంటే పొగకు నిప్పంటుకుంటుందట, కుదరదట. "రొయ్యలే కదమ్మా, మార్కెట్లో తట్టలకు తట్టలున్నాయి" అంది ఆ ఆవలింతల మనిషి. దాని నాలుక మీద ఆవగింజలు వేసి వేయించాలి. సరే, చీకట్లోనైనా గంటకు ఏం కాదు, నాచు దండిగా ఉంది, కాగితం గట్టిగా చుట్టింది, ఏం కాదు. బయటికి తెచ్చి ఉంటే? బకెట్లో పట్టుకొచ్చి ఈ వరండాలో పెట్టుకుంటే? లేదు, నీళ్ళు కదిలితే, వేడి మారితే, గుడ్లు మోస్తున్న తల్లులు భయపడి గుడ్లు రాల్చేస్తాయి, రొయ్యల సంగతి తెలిసినవాళ్ళెవరూ అలా చెయ్యరు. తెలియనివాళ్ళే డబ్బాల్లో పట్టుకు తిరుగుతారు. ఏం కాదు.

ఆమె చేతివేళ్ళ కొసల మీద ఇప్పటికీ సన్నటి తెల్ల గీతలు ఉంటాయి. పెళ్ళికి ముందూ పెళ్ళయ్యాకా ఓడరేవు పక్కన గడ్డకట్టిన రొయ్యల ఫ్యాక్టరీలో తల తుంచి, పొట్టు ఒలిచి, నరం లాగి, మళ్ళీ తల తుంచి. రొయ్య అంటే ఆమెకు ఒక రంగే తెలుసు, ఉడికిన రంగు, గులాబీ కానిది తెలుపు కానిది, పొద్దున లేచాక కళ్ళ ముందు మొదట కదిలే ఆ రంగు. ఇంటికొస్తే ఆ వాసనకు మొగుడు అటు తిరిగి పడుకునేవాడు. ఫ్యాక్టరీ మూసేశాక ఒకరోజు బజారులో ఒక కొట్టు అద్దం వెనక, పచ్చటి నాచు మీద, గోరంత రొయ్య ఒకటి ముందు కాళ్ళతో నాచును దువ్వుకుంటూ, తింటూ, ఎవరి జోలికీ పోకుండా, దానికి తలుంది, తల తుంచని రొయ్యను అంతసేపు చూడటం ఆమెకు అదే మొదటిసారి. సిగ్గేసింది. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి, మళ్ళీ చూసింది. గుప్పెడు కొనుక్కొచ్చింది. ఆ గుప్పెడే ఈ తొట్టి అయింది, కింద నల్లమట్టి, మధ్యలో తేలిన వేరుదుంగ, దాని మీద నాచు, వెనక గడ్డి, ఆ గడ్డిలోంచి వాన ముందు చీమల్లాగా బయటికొచ్చే రొయ్యలు.

ఎర్రవే మొదట. తర్వాత ఏ దేవుడు ఏ మూడ్‌లో ఉన్నాడో, ఎర్రవాటి పిల్లల్లో ఒక్క ఆడది మసిపట్టిన రంగులో పుట్టింది. మురికి అంది మొగుడు. మురికి కాదు, వెలుతురుకు పెడితే నేరేడు పండు నలిపినట్టు ఉంది. ఆ రంగు నిలబెట్టడానికి ఆమె పడ్డ పాట్లు పిల్లల తల్లి కూడా పడదు. తల్లికి కొడుకును కట్టి, ఆ పిల్లల్లో రంగున్నవాటిని ఏరి, రంగు చాలనివాటిని తీసేసి, మళ్ళీ ఏరి, మళ్ళీ తీసేసి, ఒక ఎండాకాలం మొత్తం రంగు విరిగిపోయి అన్నీ గోధుమరంగులో పుడితే అన్నం మానేసి, మళ్ళీ మొదలుపెట్టి. నేరేడు రంగు నిలవదని అందరూ చెప్పారు. తైపేలో రొయ్యలు పెంచేవాళ్ళ సంఘం ఉంది, అంతా మగాళ్ళే, వేళ్ళకు ఉంగరాలు, మెడలో కెమెరాలు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఒకాయన "అక్కగారు ఏ ఫ్యాక్టరీ నుంచి?" అని అడిగితే మిగతావాళ్ళు ఇకిలించారు. కిందటేడు డబ్బాలో నేరేడు రంగువి తీసుకెళ్ళి బల్ల మీద పెడితే, అదే మనిషి కళ్ళద్దాలు తుడుచుకుని, వంగి, చాలాసేపు మాట్లాడలేదు. వాడి నోరు మూసుకున్న ఆ కాసేపు ఆమె జీవితంలో ఉన్న ఒకే ఒక్క పండగ. ప్రపంచంలో ఆ రంగు ఇంకో తొట్టిలో లేదు. ఆ తొట్టి ఇప్పుడు ఆ టేపు వెనక ఉంది.

పక్కన మూత మళ్ళీ టిక్కుమంది. పీ-శ్యా డబ్బాలోకి చూసి, దాన్ని ఒళ్ళోంచి తీసి నీడలో, స్టూలు కింద, కాళ్ళ మధ్య పెట్టుకుంది. ఎండకు పాడైపోతుందని. ఎంత జాగ్రత్తో. అత్త మంచాన పడ్డప్పుడు కూడా ఇంతే జాగ్రత్త, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, ఊరందరికీ కనబడేలా గుడ్డలు వీధిలోనే ఆరేయడం. చిన్-యెన్ చెయ్యలేదా? చేసింది. చేసినంత చేసింది. కానీ శవం లేవకముందే, పోయినవాళ్ళకు అందాలని కాగితపు డబ్బులు కాలుస్తున్న పళ్ళెం చుట్టూ చుట్టాలంతా ఉండగా, ఈ పీ-శ్యా ముక్కు చీదుకుంటూ అన్న మాట, "రొయ్యల నీళ్ళు మార్చినన్నిసార్లు అత్త పక్క మార్చి ఉంటే, ముసల్ది ఇంకో ఏడాది ఉండేది." పొగలో అందరి కళ్ళూ ఇటు తిరిగాయి. ఆ రోజు నుంచి చిన్-యెన్ ఆ గడప తొక్కలేదు. అత్త పటం వాళ్ళ పై అంతస్తు పూజగదిలో ఉంది, ఇంతవరకూ దాని ముందు ఒక్క అగరొత్తి వెలిగించలేదు. వెలిగించాలని ఉండదా? ఉంటుంది. కానీ దారిలో ఇది ఉంటుంది.

అదొక్కటే అయితే మింగేసేది. మొన్న కూరల బండి దగ్గర వార్డు పెద్ద త్సాయ్ గారి పెళ్ళాం, "మీ రొయ్యలకు తైపేలో పేరొచ్చిందటగా" అని అడిగింది, అడిగింది చిన్-యెన్‌నే, జవాబు చెప్పింది మాత్రం పీ-శ్యా, తోటకూర కట్ట విదిలిస్తూ. "పేరు రావడమేంటి, మా చిన్న తోడికోడలు వాటికి పేర్లు పెట్టి పిలుస్తుంది కూడా. పిల్లల్లేని కొంపలో ఎవరో ఒకరు తిరుగుతుండాలి కదా." బండివాడు కూడా నవ్వాడు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ. చిన్-యెన్ ఏడవలేదు. ఇంటికొచ్చి కూరలు గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఫోను తీసి, డెంగీ దోమల గురించి చెప్పే నంబరుకు కొట్టి, ఫలానా సందులో ఫలానా ఇంటి ముందు కలువ కుండీలో దోమ పిల్లలు కుప్పలుగా ఉన్నాయి, అని చెప్పింది. గొంతు కూడా మార్చలేదు. పేరడిగితే ఫోను పెట్టేసింది.

కుప్పలుగానే ఉన్నాయి మరి, అబద్ధం చెప్పలేదు. ఎందుకున్నాయో కూడా ఆమెకు తెలుసు. ఏరి పారేసే రొయ్యలు, రంగు చాలనివి, పాలిపోయినవి, ఒక మగ్గు నిండా తీసి వెనక కాలవలో పొయ్యబోతుంటే పీ-శ్యా చూసి, "అలా పారేస్తావేంటే, పాపం, నా కలువ కుండీలో వెయ్యి, పాకుడు తింటాయి" అంది. వేసింది. మగ్గు బోర్లించి విదిలించింది, చెత్త విదిలించినట్టు. ఆ కుండీలో గప్పీ చేపలుండేవి, దోమ పిల్లల్ని తినడానికి అందరూ వేసుకునేవే. కొన్నాళ్ళకు పీ-శ్యా గోడ మీద నుంచి, "రొయ్యలు పిల్లల్ని పెడుతున్నాయా లేదా, ఒక్కటీ కనబడదేం?" అని అడిగితే, చిన్-యెన్ మొహం తిప్పకుండానే "చేపల్ని పెట్టుకుని రొయ్య పిల్లలెక్కడంటావేంటి, పుట్టింది పుట్టినట్టు మింగేస్తాయి" అంది. మర్నాడు పీ-శ్యా గప్పీలన్నిటినీ పట్టి పక్క సందువాళ్ళకు ఇచ్చేసింది. తెలివితక్కువది. చేపలు పోతే దోమలొస్తాయని చిన్నపిల్లలకు తెలుసు. ఆ తెలివితక్కువతనం మీదే చిన్-యెన్ ఫోను చేసింది.

ఆరోగ్యశాఖవాళ్ళు నిన్న వచ్చారు. ఆమె మేడ మీద తెర వెనక నిలబడి చూసింది. కుండీలో టార్చి వేసి చూశారు, ఏదో మాట్లాడుకున్నారు, ఇద్దరు పట్టి వీధిలోకి బోర్లించేశారు. నల్లటి నీళ్ళు, కలువ దుంపలు, బురద, తారు రోడ్డు మీద పరుచుకున్నాయి. పీ-శ్యా గుమ్మం నుంచి పరుగున వచ్చి, టీ వడగట్టే జల్లెడ పట్టుకుని, రోడ్డు మీద మోకాళ్ళ మీద పాకుతూ దేన్నో ఏరుతోంది. కలువ మొలకలు కాబోలు. పాకు, పాకు, బాగా పాకు, అనుకుంది చిన్-యెన్, కడుపులో చల్లగా అయింది, అంత చల్లగా చాలా రోజుల్లో కాలేదు. ఆ చల్లదనం మీద హాయిగా బూడిదగుమ్మడి టీ పెట్టుకుని తాగింది. వెనక వీధిలో బడి పంతులమ్మకు అదే వారంలో డెంగీ జ్వరం తేలిందని, కుండీ ఒక్కటితో ఆగదని, సందులో ఇళ్ళన్నిటికీ పొగ పెడతారని, సాయంత్రం వార్డు పెద్ద మైకులో చెప్పేదాకా ఆమెకు తెలియదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. కానీ కొరివి ఎవరిది? కుండీ దీనిది. గప్పీల్ని తీసేసింది ఇది. నవ్వింది ఇది. తను చేసింది ఒక్క ఫోను.

"ఆ తుఫాను రోజు లాగే ఉంది," అంది పీ-శ్యా ఉన్నట్టుండి, ఎవరితోనో తెలియనట్టు, వీధి వైపు చూస్తూ. "అందరం బయట, లోపల చీకటి."

చిన్-యెన్ మొహం అటు తిప్పుకుంది. దీనికి ఇప్పుడు కబుర్లు కావాలి. తుఫాను రోజట. గుర్తులేకేం. కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి, గాలి పంపు ఆగింది, తలుపులు బిగించిన ఇంట్లో ఆ వేడికి రొయ్యలు ఒక్కొక్కటే నీటి పైకి వచ్చి గాజుకు అతుక్కున్నాయి. ఆమె ఒక్కతే గిన్నెతో నీళ్ళు తోడి ఎత్తు నుంచి పోస్తోంది, తోడి, పోసి, భుజం లాగేస్తుంటే, తలుపు దబదబా బాది పిలవకుండానే వచ్చింది ఇది, మోకాళ్ళ దాకా తడిసి, ఇంకో గిన్నె పట్టుకుని. అంత్యక్రియలప్పుడు ఆ మాట అన్న నోటితోనే, "జరుగు, నీ మొహం, చేతులు వణుకుతున్నాయి" అంటూ. సాయంత్రం దాకా వంతులవారీగా పోశారు. పోస్తున్నంతసేపూ సణుగుడే, "చేతులు పడిపోతున్నాయే బాబూ, అల్లం వెల్లుల్లి వేసి వేపుకు తింటే ఈ బాధే ఉండేది కాదు." సాయం చెయ్యడానికి వచ్చిందా? కాదు. చూడ్డానికి వచ్చింది, తన అవసరం పడిందని చెప్పుకోడానికి వచ్చింది. ఆ వారమే తలుపు గడియకు ఒక సంచి తగిలించి పోయింది. దాంట్లో బ్యాటరీ పంపు. కరెంటు పోతే దానంతటదే మొదలయ్యేది. "ఇంకోసారి నా చేతులు అడక్కు" అని పక్కింటి మేడ మీద నుంచి అరిచింది. బహుమతా అది? ఎత్తిపొడుపు. అయినా మొగుడు తెచ్చి తొట్టి బల్ల వెనక బిగించాడు, గొట్టం నీళ్ళలోకి వదిలాడు. కరెంటు పోయినప్పుడల్లా జుయ్యిమని దానంతటదే, ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేకుండా.

జుయ్యిమని.

చిన్-యెన్ లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడింది. మెయిన్ కట్టేశారా, కట్టేశామని తలూపింది. ప్లగ్గు పీకింది పెద్ద పంపుది. మెయిన్ కట్టేస్తే కరెంటు పోయినట్టే కదా, కరెంటు పోతే అది మొదలవుతుంది కదా, దానికి తుఫానైతేనేం, ఆరోగ్యశాఖైతేనేం, కరెంటు పోయిందని ఒక్కటే తెలుసు, పోయింది, మొదలైంది, తలుపు మూసేటప్పుడు విన్నది దోమ కాదు. నాలుగు పొరల కాగితం లోపలికి, ఆ సన్న గొట్టం గుండా, గదిలో ఉన్న పొగనంతా పట్టి పట్టి నీళ్ళలోకి.

ఆమె వీధి ఎలా దాటిందో ఆమెకే తెలియదు. టేపు గోళ్ళతో పీకుతుంటే ఆరోగ్యశాఖావిడ వచ్చి మణికట్టు పట్టుకుంది, ఇప్పుడు ఆవలించడం లేదు. "పిచ్చా నీకు? ఒక్క శ్వాస పీల్చావంటే గుమ్మంలోనే పడతావు!" "పంపు ఆడుతోంది, లోపల పంపు ఆడుతోంది, ఒక్క నిమిషం!" "పంపే కదమ్మా, ఆడనీ." మిషను మనిషి అడ్డంగా నిలబడ్డాడు. వరండాలో స్టూళ్ళ మీద ఉన్నవాళ్ళంతా లేచి చూస్తున్నారు, వార్డు పెద్ద మైకు పట్టుకుని ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. పీ-శ్యా మాత్రం లేవలేదు. కూర్చున్నచోటే వంగి స్టూలు కింద డబ్బాను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులూ దాని చుట్టూ పెట్టుకుని, ఆమె వైపే చూస్తోంది. చూడు, బాగా చూడు, నువ్విచ్చిన పంపే. నువ్విచ్చినదే చంపుతోంది. ఎంత దూరం ఆలోచించి ఇచ్చావే.

మిగిలిన సమయం ఆమె తలుపుకు వీపు ఆనించి గడప మీద కూర్చుంది. ఎవరు పిలిచినా లేవలేదు. తలుపు చెక్కకు చెవి పెడితే వినబడుతోంది, లేక వినబడుతోందని అనిపిస్తోంది, జుయ్యి, జుయ్యి, పనిమంతుడైన వెధవ, ఒక్క క్షణం ఆగదు, కొత్త బ్యాటరీలు మొన్న తుఫాను హెచ్చరికకు తనే వేసింది, చాలా మంచివి, ఖరీదైనవి. గుడ్లు మోస్తున్న తల్లులు పొట్ట కింద కాళ్ళతో గుడ్లకు గాలి విసురుతూ ఉంటాయి, ఎప్పుడూ ఆపవు, పంపు లాగే. ఆ గాలిలో మందు కలిస్తే మొదట పరుగులు తీస్తాయి, తొట్టి అంతా గిరగిరా, తర్వాత వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటాయి, తెలుసు ఆమెకు, సంఘంలో ఒకాయన బజారు నుంచి కొత్త మొక్క తెచ్చి కడక్కుండా వేస్తే అలాగే అయిందని చెప్తుంటే, ఎంత చేతకానివాడు అని నవ్వుకుంది. ఫోను. ఆ ఫోను చెయ్యకపోతే. చేతులు కడుక్కుని మరీ చేసింది. పీ-శ్యా మోకాళ్ళ మీద పాకుతుంటే టీ పెట్టుకు తాగింది. అందరి మీదా కోపం వచ్చింది, పంతులమ్మ మీద, ఆమెను కుట్టిన దోమ మీద, బ్యాటరీలు అమ్మిన కొట్టు మీద, ఓడరేవులో క్రేను మీద కూర్చుని ఏమీ తెలియని మొగుడి మీద. చివరికి కోపం పెట్టుకోడానికి మనుషులు అయిపోయారు. తనొక్కతే మిగిలింది, తన జోలికి మాత్రం పోలేదు.

టేపు పీకి తలుపులు తెరిచి, కిటికీలన్నీ తీసి గాలి ఆడాక రమ్మన్నారు. ఆమె ఆగలేదు, చొక్కా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని చొరబడింది. వాన కోటు లాగేసింది, తువ్వాలు లాగేసింది. పల్చటి కాగితం కింద బుడగలు వస్తూనే ఉన్నాయి, వరసగా, ముచ్చటగా. బల్ల వెనక్కి చెయ్యి పెట్టి పంపును వైరుతో సహా పీకి నేలకేసి కొట్టింది. బ్యాటరీలు దొర్లుకుంటూ పోయాయి. తర్వాత చూసింది. నాచు మీద, నల్లమట్టి మీద, దుంగ మీద, గడ్డి మొదళ్ళలో, అన్నీ పక్కకు పడి ఉన్నాయి. ఒకటి రెండు కాళ్ళు ఇంకా కొట్టుకుంటున్నాయి. నేరేడు రంగు అప్పుడే విరుగుతోంది. తల దగ్గర్నుంచి మొదలై, పొట్ట మీదుగా, తోక దాకా, గులాబీ కానిది తెలుపు కానిది, ఆ రంగు. ఫ్యాక్టరీ బల్ల మీద కుప్పలు పోసిన రంగు. వద్దు వద్దనుకున్నా ఆమె వేళ్ళు వాటంతటవే తల తుంచే పట్టులోకి ముడుచుకున్నాయి. ఏడుపొచ్చింది. నోరు తెరిచి, గొంతు చించుకుని ఏడ్చింది, అత్త పోయినప్పుడు ఏడవనంత ఏడ్చింది.

"ఇది నేనిచ్చింది కదూ?" గుమ్మంలో పీ-శ్యా, నేల మీది పంపును కాలి బొటనవేలితో తాకుతూ.

"నువ్విచ్చిందే. తృప్తిగా ఉందా?"

పీ-శ్యా లోపలికొచ్చి తొట్టి వైపు చూసింది, చాలాసేపు చూసింది, నాలుకతో చుక్చుక్ మంది. తర్వాత ఒళ్ళోని పిల్లను దించినట్టు ఆ టిఫిను డబ్బాను కిటికీ గట్టు మీద పెట్టి మూత తీసింది. నీళ్ళు. నీళ్ళలో చారెడు కలువ వేరు, దాన్ని పట్టుకుని రొయ్యలు. పాలిపోయినవి, గోధుమరంగువి, మగ్గులోంచి విదిలించిన చెత్త. వాటి మధ్య చిన్నవి, బియ్యపుగింజంతవి, కుండీ బురదలో పుట్టి పెరిగినవి. చిన్-యెన్ కళ్ళు తుడుచుకుని వంగింది. డబ్బాను వెలుతురుకు తిప్పింది. నేరేడు పండు నలిపిన రంగు. ఒకటి కాదు, ఆ వేరు మీద ఎక్కడ చూస్తే అక్కడ, ముందు కాళ్ళతో దువ్వుకుంటూ, తింటూ, ఎవరి జోలికీ పోకుండా.

"ఎక్కడివి ఇవి?"

"ఎక్కడివేంటి, నా మొహాన పారేసినవే. వాటి పిల్లలు. రోడ్డు మీద ఏరేసరికి మోకాళ్ళు దోక్కుపోయాయి." పీ-శ్యా పైకి మడిచిన ప్యాంటు కింద మోకాలికి అంటించిన పట్టీ చూపించింది.

గంటసేపు. పక్కనే కూర్చుని, కాళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్క మాట చెప్పలేదు దొంగముండ. చిన్-యెన్ చెయ్యి చాపింది. పీ-శ్యా అరచెయ్యి అంతకన్నా ముందు డబ్బా మీద పడింది.

"ఉండు. ముందు ఒకటి చెప్పు. ఫోను చేసిందెవరు?"

వీధిలో మళ్ళీ మిషను మొదలైంది, ఇంకో ఇంటి ముందు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగుదామనుకుంది చిన్-యెన్, అది ఆగేలా లేదు. ఎవరో చేశారు, నాకేం తెలుసు, అనేది నాలుక చివరిదాకా వచ్చింది. పీ-శ్యా వేళ్ళ సందుల్లోంచి డబ్బాలో నేరేడు రంగు కదులుతోంది. ఆ వేళ్ళను విరిచెయ్యాలనిపించింది. ఆ వేళ్ళే తుఫాను రోజు గిన్నె పట్టుకున్నాయని కూడా అదే క్షణంలో గుర్తొచ్చి, దానికి ఇంకా కోపం వచ్చింది.

"నేనే," అంది.

"తెలుసు. త్సాయ్ గారి పెళ్ళాం అదే రోజు చెప్పింది, ఎవరో ఆడమనిషి అని. మన సందులో నా మీద ఫోను చేసేంత తీరిక ఇంకెవరికుంది? నీ నోట వినాలనిపించింది, అంతే." పీ-శ్యా మూత పెట్టి డబ్బా చంకలో పెట్టుకుంది. "ఇక్కడ ఉంచడానికి లేదు, ఈ కొంపంతా మందే. మా మేడ మీద ఆవకూర ఊరేసే జాడీ ఖాళీగా ఉంది, పైన ఆరుబయలు కాబట్టి పొగ పెట్టలేదు, దోమతెర కట్టి అందులో పోస్తా. నిలవ నీళ్ళు నీ దగ్గరే ఉన్నాయి కదా, రొయ్యలకని మూతపెట్టిన డ్రమ్ములో. మోసుకురా. రొయ్యలు మాత్రం నావి, చెప్తున్నా. చూసుకోవాలనుంటే రోజూ నువ్వే రావాలి. మెట్లు పూజగది ముందు నుంచే, అత్త పటం చూడాల్సిందే, నీ ఇష్టం."

నీ జాడీలో మన్ను పోస్తాను, నీ ఆవకూరలో పురుగులు పడ, అనుకుంటూ చిన్-యెన్ పెరట్లోకి వెళ్ళింది. డ్రమ్ము మూత తీసింది. నీళ్ళు వాసన చూసింది, వేలు ముంచి వేడి చూసింది, నిండా ఒక బకెట్టు ముంచింది, వెనక్కి వచ్చి రొయ్యలు పట్టే చిన్న వల కూడా చేతికి తగిలించుకుంది. ఏళ్ళ తర్వాత ఆ గడప తొక్కేటప్పుడు బకెట్టు బరువుకు కిందికే చూస్తూ దాటింది. పై అంతస్తులో పూజగది తలుపు తెరిచే ఉంది. పటంలో ముసలావిడ ఎప్పటిలాగే ఇద్దరినీ ఒకే చూపుతో, ఇద్దరూ పనికిరానివాళ్ళేనన్నట్టు చూస్తోంది. ముందు మెట్ల మీద పీ-శ్యా చంకలో డబ్బా అటూ ఇటూ ఊగుతోంది.

"మెల్లగా ఎక్కు, నీళ్ళు తొణుకుతున్నాయి," అని వెనక నుంచి కసిరింది చిన్-యెన్. "మూత అంత బిగించకు, ఊపిరాడక చస్తాయి."

"నీ బకెట్టు నువ్వు చూసుకో," అంది పీ-శ్యా వెనక్కి తిరగకుండానే, కానీ మూత కొంచెం వదులు చేసింది.